కోవిడ్ పోయింది, మాట తడబాటు పోలేదు

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 46. మాది పర్లాకిమిడి, పుట్టిల్లు కవిటి దగ్గర. మాకు చీరల కొట్టు ఉంది. వారానికోసారి గుమ్మ వైపు సంతకు కూడా సరుకు పట్టుకెళ్తాం. 2021 మే నెలలో నాకూ మావారికీ కరోనా వచ్చింది. ఆస్పత్రిలో చేరలేదు. ఇంట్లోనే మందులు వాడాం, స్టెరాయిడ్ మాత్రలు కూడా ఇచ్చారు. మావారు నెల తిరిగేసరికి మామూలు మనిషి అయిపోయారు. నేను కాలేకపోయాను. పోయిన వాసన మూడు నెలలకు తిరిగొచ్చింది గానీ తేడాగా వచ్చింది. ఉల్లిపాయలు వేగుతుంటే టైరు కాలుతున్నట్టే ఉంటుంది. గిరాకీతో ఒడియాలో మాట్లాడుతూ మధ్యలో మాట దొరక్క ఆగిపోతున్నాను. సంతలో సవర వాళ్ళతో వాళ్ళ మాటలోనే బేరం చేసేదాన్ని, ఇప్పుడు అంకెలు కూడా తడుముకుంటున్నాను. లేచి నిలబడితే గుండెదడ, కళ్ళు తిరగడం. అరికాళ్ళలో తిమ్మిర్లు. ఆగస్టులో వేసుకున్న టీకా వల్లే ఇదంతా అని మా ఆడపడుచు అంటుంది. అంతా నీ మనసులోనే ఉంది అని మా అత్తగారు అంటారు. ఊళ్ళో ఒకాయన నరాల బలహీనత అని వారానికో ఇంజెక్షన్ చేస్తున్నాడు. చేసిన రెండు రోజులు బాగుంటుంది. మా అబ్బాయి మెదడు స్కానింగ్ తీయిద్దాం అంటున్నాడు. వైరస్ నా మెదడులోకి వెళ్ళిపోయిందా? నాకు మతి పోతుందా?

— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందుగా మీ అత్తగారి మాటకు జవాబు చెబుతాను, ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది అదేనని మీ ఉత్తరమే చెబుతోంది. ఇది మీరు ఊహించుకున్నది కాదు. కోవిడ్ తర్వాత ఇలా మిగిలిపోయే ఇబ్బందులకు, అంటే దీర్ఘ కోవిడ్‌కు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులోనే ఒక నిర్వచనం ఇచ్చింది. జబ్బు మొదలైన మూడు నెలల నాటికి కనిపిస్తూ, కనీసం రెండు నెలలు ఉండి, వేరే ఏ జబ్బుతోనూ వివరించలేని లక్షణాలు అని. అలసట, ఆయాసం, ఆలోచన మందగించడం అందులో ముఖ్యమైనవి. మీరు రాసినవి చాలావరకు ఆ వర్ణనకు సరిపోతున్నాయి.

కానీ ఆ నిర్వచనంలో చివరి మాట చూడండి. వేరే ఏ జబ్బుతోనూ వివరించలేనివి. మీ విషయంలో ఆ వెతుకులాట ఇంకా ఎవరూ చేయలేదు. నాకు అసలు దిగులు అక్కడే ఉంది. ఒకరు మనసు అన్నారు, ఒకరు టీకా అన్నారు, ఒకరు నరాలు అన్నారు. రక్తం మాత్రం ఎవరూ పరీక్షించలేదు.

వైరస్ మెదడులోకి వెళ్ళిందా అని అడిగారు. కోవిడ్‌తో చనిపోయిన వారి మెదడును పరీక్షించినప్పుడు కొందరిలో వైరస్ ఆనవాళ్ళు కొద్దిగా దొరికిన మాట నిజమే. కానీ మీలా ఇంట్లోనే కోలుకున్న వారి మెదడులో వైరస్ గూడు కట్టుకుని కూర్చుంటుందని అనుకోవడానికి గట్టి ఆధారం లేదు. ఎక్కువ నష్టం చేసేది వైరస్ కాదు, దాన్ని తరిమేందుకు ఒళ్ళు రేపుకున్న వాపు అని పరిశోధకుల అంచనా. ఊపిరితిత్తుల్లో జబ్బు స్వల్పంగానే ఉన్నా, రక్తంలోకి వచ్చే కొన్ని రసాయనాలు మెదడులోని కాపలా కణాలను రెచ్చగొడతాయి. అవి చాలాకాలం చల్లారవు. నరాల మీది కొవ్వు పొరను తయారుచేసే కణాలు తగ్గిపోతాయి. ఎలుకల్లో స్వల్ప కోవిడ్ తర్వాత సరిగ్గా ఇదే జరగడాన్ని అమెరికా పరిశోధకులు 2022లో చూపించారు. మనుషుల్లో ఇంకొకటి తేలింది. మెదడుకూ రక్తానికీ మధ్య ఒక గట్టి అడ్డుగోడ ఉంటుంది, రక్తంలోని ప్రతిదాన్నీ అది లోపలికి రానివ్వదు. దీర్ఘ కోవిడ్‌తో ఆలోచన మసకబారిన వారిలో ఆ గోడ కొద్దిగా కారుతోందని డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ వారు 2024లో స్కానింగ్ ద్వారా చూశారు.

మీ వాసన సంగతి దీనికి కాస్త వేరు. ముక్కు పైభాగంలో వాసన పట్టే నరాల కణాలు ఉంటాయి, వాటికి ఆసరాగా వేరే కణాలు ఉంటాయి. వైరస్ తలుపు తట్టేది ఎక్కువగా ఈ ఆసరా కణాలనే. అవి దెబ్బతినగానే నరాల కణాలు కూడా పనిచేయడం మానేస్తాయి. మంచి విషయం ఏమిటంటే, ఒంట్లో మళ్ళీ మొలిచే కొద్దిపాటి నరాల కణాల్లో ఇవి కూడా ఉన్నాయి. చిక్కల్లా ఆ మొలకెత్తడంలోనే. చీరలు అమ్మే మీకు ఇది సులువుగా అర్థమవుతుంది. తెగిన పడుగు పోగులు అతికేటప్పుడు ఒక పోగు పక్క పోగుకు ముడిపడితే అంచులో బుటా చెదిరిపోతుంది కదా, కొత్త నరాలు మెదడులో పాత చోటుకు కాకుండా పక్క చోటుకు అతుక్కుంటే ఉల్లిపాయ టైరు అవుతుందని అనుకుంటున్నారు. ఉల్లి, వెల్లుల్లి, కాఫీ, వేపుళ్ళు, గుడ్డు. ఇలా తేడా వాసన వచ్చేవాళ్ళలో చాలామంది ఇవే చెబుతారు. మీ అత్తగారికి ఈ వాక్యం చదివి వినిపించండి. ఎక్కడో అమెరికాలో, ఇంగ్లండులో ఉన్నవాళ్ళూ, పర్లాకిమిడిలో మీరూ కూడబలుక్కోకుండా ఒకే వస్తువుల పేర్లు చెబుతున్నారంటే అది ఊహ ఎలా అవుతుంది?

ఇక మాట తడబాటు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైన సమాచారం ఇదే. మూడు భాషల మధ్య రోజంతా అటూ ఇటూ గెంతడం మీ ఊరి వాళ్ళకు అలవాటైపోయి దాన్ని పనిగా లెక్కపెట్టరు. కానీ మెదడుకు అది బరువైన పనే. ఒక గిరాకీతో ఒడియాలో మాట్లాడుతున్నంతసేపూ తెలుగు మాటను వెనక్కి నొక్కిపట్టాలి, సరైన మాటను ఏరాలి, ఈలోగా చీర ధర గుర్తుంచుకోవాలి. కోవిడ్ తర్వాత మందగించేది సరిగ్గా ఈ శక్తే. పాత జ్ఞాపకాలు చెరిగిపోవు. ఏరుకునే వేగం తగ్గుతుంది. ఒకేసారి రెండు మూడు పనులు పట్టుకునే బలం తగ్గుతుంది. అందుకే మీకు ఇంట్లో తెలుగులో తెలియని లోపం కొట్లో ఒడియాలో తెలుస్తోంది, సంతలో సవర భాషలో ఇంకా తెలుస్తోంది. ఒక్క సంగతి గమనించి చూడండి. దొరకని మాట కాసేపటికి, గిరాకీ వెళ్ళిపోయాక, దానంతట అదే గుర్తొస్తోందా? వస్తుంటే మాట చెరిగిపోలేదన్నమాట, అందడం ఆలస్యమవుతోందంతే.

దీన్నిబట్టి మతి పోతుందా అన్న మీ భయానికి కూడా జవాబు చెప్పవచ్చు. 46 ఏళ్ళకు అల్జీమర్స్ రావడం చాలా అరుదు. అది వచ్చిన వాళ్ళలో చాలామందికి తమ మతిమరుపు తమకే సరిగా తెలియదు, ఇంట్లోవాళ్ళు డాక్టరు దగ్గరికి తీసుకొస్తారు. మీరు మీ తప్పులను ఒక్కొక్కటిగా ఏరి నాకు రాశారు. ఇంగ్లండులో లక్షమందికి పైగా పెద్దవాళ్ళకు జ్ఞాపకశక్తి, ఆలోచన పరీక్షలు పెట్టి 2024లో ఫలితాలు ప్రకటించారు. కోవిడ్ రానివారితో పోలిస్తే, వచ్చి పూర్తిగా తగ్గిపోయిన వారిలో లోటు ఐక్యూ లెక్కలో సుమారు 3 పాయింట్లు. లక్షణాలు ఇంకా మిగిలి ఉన్నవారిలో సుమారు 6. ఐసీయూలో పడుకుని వచ్చినవారిలో సుమారు 9. ఆ అధ్యయనంలోనే మీరు పట్టుకోవలసిన మాట ఒకటుంది. లక్షణాలు చాలాకాలం ఉండి చివరికి తగ్గిపోయిన వారి మార్కులు, త్వరగా తగ్గినవారి మార్కులతో దాదాపు సమానంగా వచ్చాయి. ఎక్కువ కాలం బాధపడ్డంత మాత్రాన లోటు శాశ్వతం కాదు.

మీ అబ్బాయి అన్న స్కానింగ్ గురించి చెప్పాలి, డబ్బు పోయే విషయం కాబట్టి. బ్రిటన్‌లో 785 మంది మెదళ్ళను రెండేసి సార్లు స్కాన్ చేశారు. ఆ రెండింటి మధ్యకాలంలో వారిలో 401 మందికి కోవిడ్ వచ్చింది, చాలామందికి స్వల్పంగానే. వాసనతో ముడిపడిన మెదడు భాగాల్లో వీళ్ళకు మిగతావారికంటే 0.2 నుంచి 2 శాతం అదనంగా తరుగు కనిపించింది. ఆ వార్త పత్రికల్లో చదివి చాలామంది హడలిపోయారు. అయితే అది వందలమంది సగటు తీస్తేనే తేలిన తేడా. ఒక్క మనిషి ఎంఆర్ఐ ఫిల్మును చూసి ఇది కోవిడ్ దెబ్బ అని ఎవరూ చెప్పలేరు. మీలాంటివారిలో నూటికి ఎక్కువమందికి స్కానింగ్ నార్మల్ అనే వస్తుంది. అది చూసి ఇంట్లోవాళ్ళు మళ్ళీ మనసులోనే ఉందంటారు. డాక్టరు పరీక్షించి, ఒక పక్క బలహీనతో, నడకలో తేడాయో కనిపించి అవసరమంటే తీయించండి. ముందు ఆ డబ్బులో కొద్ది భాగంతో అయిపోయే రక్తపరీక్షలు చేయించండి.

ఏమేం చేయించాలి? హిమోగ్లోబిన్, థైరాయిడ్ టీఎస్‌హెచ్, బీ12, పరగడుపు షుగరు, మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్. వీటిలో ప్రతిదానికీ మీ ఉత్తరంలోనే కారణం ఉంది. అరికాళ్ళ తిమ్మిర్లకు అన్నిటికంటే ముందు అనుమానించవలసినవి షుగరు, బీ12 లోపం. కోవిడ్‌లో స్టెరాయిడ్ వాడాక, ఆ తర్వాత కూడా షుగరు బయటపడిన వారు మన వైపు ఎందరో ఉన్నారు. రక్తం తక్కువైనా లేవగానే దడ వస్తుంది. థైరాయిడ్ మందగిస్తే మాట, లెక్క, ఒళ్ళు అన్నీ మందగిస్తాయి. కవిటి మీ పుట్టిల్లు అన్నారు. అది ఉన్న ఉద్దానం ప్రాంతంలో పుట్టి పెరిగినవారు ఏ నెపంతో రక్తం ఇచ్చినా అందులో క్రియాటినిన్ కలిపించుకోవాలని నేను ప్రతిసారీ చెబుతాను. అక్కడ కిడ్నీ జబ్బు చప్పుడు చేయకుండా పెరుగుతుంది. బీపీ చూపించుకోండి. మీ నెలసరి సంగతి మీరు రాయలేదు. ఈ వయసులో అది అటూ ఇటూ అవుతుంటే నిద్ర చెడి ఆలోచన కూడా మసకబారుతుంది. అది డాక్టరుకు చెప్పడానికి సిగ్గుపడకండి. రాత్రి గట్టిగా గురక పెడతారేమో మీవారిని అడగండి. వీటిలో ఏ ఒక్కటి దొరికినా దానికి మందు ఉంది. కోవిడ్ మసకకు నేరుగా పనిచేసే మందు ఇప్పటికీ నిరూపణ కాలేదు. అందుకే మందు ఉన్న జబ్బును ముందు వెతకమంటున్నాను.

వారం వారం ఇంజెక్షన్ ఆపించండి, అయితే ఒక జాగ్రత్తతో. అందులో బీ12 ఉంటే, ఇప్పుడు రక్తంలో బీ12 ఎక్కువే కనిపించి అసలు లోపం దాగిపోతుంది. కాబట్టి పరీక్ష రోజున ఆ ఇంజెక్షన్ల సంగతి డాక్టరుకు చెప్పాలి. రెండు రోజులు బాగుండి మళ్ళీ పడిపోతున్నానంటున్నారు. అలా ఉందంటే అందులో స్టెరాయిడ్ కలిసిందేమోనని నా అనుమానం. చాలాకాలంగా స్టెరాయిడ్ ఒంట్లోకి వెళ్తుంటే ఒక్కసారిగా మానడం కూడా ప్రమాదమే. ఖాళీ సీసా అడిగి తెచ్చుకోండి, పేరు ఫొటో తీసి డాక్టరుకు చూపించి ఎలా ఆపాలో ఆయన చెప్పినట్టు చేయండి. సీసా చూపించనంటే ఇక ఆ గుమ్మం తొక్కకండి. మీ ఊళ్ళోనే ఉండి సవర భాష కోసం కొండలన్నీ తిరిగిన గిడుగు రామమూర్తి పంతులు గారికి మలేరియా వచ్చి, వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయిందని చెబుతారు. ఆ రోజుల్లో ఆయనకు వేరే మందు లేదు. మీకు అలాంటి అవసరం లేదు. ఏమిటో తెలియని మందును నరాల కోసమని ఎక్కించుకోవద్దు.

టీకా సంగతికి మీ ఉత్తరంలోని తేదీలే జవాబు. జబ్బు మేలో, టీకా ఆగస్టులో. వాసన పోవడం టీకాకు ముందే జరిగింది. కొన్ని టీకాల తర్వాత నరాల జబ్బు రావడం ఉంది గానీ అది చాలా అరుదు, అది వచ్చే తీరు కూడా వేరు. మీ ఆడపడుచుకు కోపం లేకుండా చెప్పండి.

లేవగానే దడకు ఇంట్లో చేసుకోదగిన పరీక్ష ఒకటుంది. కరోనా రోజుల్లో కొన్న పల్స్ ఆక్సిమీటర్ ఏ సొరుగులోనో ఉండే ఉంటుంది. కొత్త బ్యాటరీ వేయండి. పొద్దున్నే కాఫీకి ముందు, పది నిమిషాలు కదలకుండా పడుకుని వేలికి తగిలించి నాడి ఎంతో రాసుకోండి. తర్వాత లేచి గోడ పక్కన నిలబడండి, అబ్బాయిని దగ్గరే ఉండమనండి. పది నిమిషాలపాటు నిమిషానికోసారి నాడి రాయమనండి. కళ్ళు చీకట్లు కమ్మితే వెంటనే కూర్చోండి. పడుకున్నప్పటికంటే 30 లేదా అంతకుమించి పెరిగి, అలాగే నిలిచి ఉంటే ఆ కాగితం డాక్టరుకు బాగా పనికొస్తుంది. గుండెనూ బీపీనీ మనకు తెలియకుండా నడిపించే నరాలు కోవిడ్ తర్వాత కొందరిలో గతి తప్పుతాయి. నీళ్ళు ఎక్కువ తాగడం, పిక్కలు బిగించి వదిలి మెల్లగా లేవడం వెంటనే మొదలుపెట్టవచ్చు. ఉప్పు పెంచమని కొందరికి చెబుతాం. మీరు మాత్రం క్రియాటినిన్, బీపీ చూసేదాకా ఉప్పు జోలికి పోవద్దు.

వాసనకు సాధన ఉంది. జర్మనీలో 2009లో మొదలైన పద్ధతి, వస్తువులన్నీ మన ఇళ్ళలో దొరికేవే. లవంగాలు, నిమ్మతొక్క, నీలగిరి తైలం, గులాబి. ఒక్కొక్కటి చిన్న సీసాలో వేసి, ముక్కు దగ్గర పట్టుకుని 15, 20 సెకన్లు మెల్లగా పీల్చండి. పీలుస్తున్నప్పుడు లవంగం వాసన ఒకప్పుడు ఎలా ఉండేదో గట్టిగా తలుచుకోండి. సాధనలో సగం అదే. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, కనీసం మూడు నెలలు. తైలం ముక్కులో వేయకూడదు. ఇన్నేళ్ళ తర్వాత పూర్తిగా మునుపటిలా వస్తుందని మాట ఇవ్వలేను, కానీ సాధన చేసినవారిలో చాలామందికి కొంతైనా మెరుగవుతుంది. ఈలోగా వేపుడు పక్కనపెట్టి చల్లటివి తినండి, వేడి తగ్గితే వాసన తగ్గుతుంది. పెరుగన్నం, చద్దన్నం చాలామందికి దిగుతాయి. ఒంట్లో మాంసకృత్తులు తగ్గకుండా పప్పు మానకండి. గ్యాస్ లీకైనా మీకు సరిగా తెలియకపోవచ్చు. రాత్రి రెగ్యులేటర్ కట్టేసే పని ఇంట్లో వేరొకరికి అప్పగించండి.

కొట్టు, సంత పనుల విషయంలో ఒకటి గట్టిగా చెబుతాను. బాగున్న రోజున మిగిలిపోయిన పనులన్నీ ఒక్కసారిగా చేసేయడం, మర్నాడో ఆ మర్నాడో మంచం పట్టడం. ఇలా జరుగుతోందేమో రెండు వారాలు రాసి చూడండి. జరుగుతుంటే మీ హద్దు ఎక్కడుందో ఆ కాగితమే చెబుతుంది, దానికి లోపలే ఆగండి. పట్టుదలతో నెట్టుకొస్తే బలం వస్తుందనే మాట ఈ జబ్బులో పనిచేయదు. సంత రోజుకు ముందురోజు కొట్లో తక్కువసేపు కూర్చోండి. బిల్లు రాసేటప్పుడు బేరం అబ్బాయికి వదలండి, బేరం మీరు చేస్తే బిల్లు అబ్బాయి రాయాలి. ధరలు చీర మడతకు చీటీ గుచ్చి రాసిపెట్టండి. సవర అంకెలు సంతకు వెళ్ళే దారిలో ఒకసారి పైకి అనుకోండి. వాటిని వదిలేయకండి, ఆ భాష మీ మెదడుకు వ్యాయామం.

సంతకు తిరుగుతారు కాబట్టి ఇది కూడా. గజపతి, రాయగడ, కొరాపుట్ కొండల్లో మలేరియా తగ్గింది గానీ పోలేదు. అక్కడ ఎక్కువగా ఉండే రకం మెదడుకు ఎక్కగలదు. జ్వరంతో పాటు మాట తేడాగా వచ్చినా, మగతగా ఉన్నా, అది పాత కోవిడ్ మసకేలే అనుకుని ఆ రాత్రి గడపొద్దు. అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. ఆశా కార్యకర్త దగ్గర కిట్ ఉంటుంది. అలాగే మూతి ఒక పక్కకు పోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట ఒక్కసారిగా ముద్దగా వచ్చినా అది పక్షవాతం. 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలే, స్కానింగ్ ఉన్న ఆస్పత్రికి నేరుగా వెళ్ళాలి. కాళ్ళ బలహీనత రోజురోజుకూ పైకి ఎక్కుతున్నా, ఫిట్స్ వచ్చినా ఆలస్యం చేయొద్దు.

ఎక్కడికి వెళ్ళాలంటే, మొదట మీ ఊళ్ళోని జిల్లా ఆస్పత్రిలో మెడిసిన్ డాక్టరు దగ్గరికి. పైన చెప్పిన పరీక్షల కోసం బస్సెక్కనక్కర్లేదు, అక్కడ లేనివి బయట ల్యాబులో చేస్తారు. అవన్నీ బాగుండి కూడా తిమ్మిర్లు, తడబాటు తగ్గకపోతే న్యూరాలజీకి రాయించుకుని బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీకి గానీ, విశాఖ కేజీహెచ్‌కు గానీ వెళ్ళండి. ఆంధ్ర ప్రభుత్వ వైద్యసేవ పథకం ఆ రాష్ట్ర నివాసులకు ఉద్దేశించింది, కాబట్టి ఒడిశా చిరునామాతో విశాఖ వెళ్ళేముందు మీ కార్డు చెల్లుతుందో లేదో కనుక్కోండి. బరంపురంలో తెలుగు తెలిసినవాళ్ళు ఎందరో ఉంటారు, మాట రాదన్న బెంగ వద్దు. అక్కడ తడబడితే చూపించడానికి ఒక కాగితం మీద తేదీల వారీగా రాసుకెళ్ళండి. కోవిడ్ ఎప్పుడు, స్టెరాయిడ్ ఎన్నాళ్ళు, వాసన ఎప్పుడు పోయింది, ఇంజెక్షన్లు ఎప్పటి నుంచి, నాడి లెక్కలు. ఇన్నేళ్ళ దిగులు మనసును కుంగదీసి ఉంటే దానికీ సాయం అడగండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడే వీలుంది, డబ్బు తీసుకోరు. జబ్బు ఒంటిది అయినా మనసు అలసిపోతుంది, రెండూ కలిసే ఉండవచ్చు.

రిపోర్టులు వచ్చాక మళ్ళీ రాయండి. బీ12, టీఎస్‌హెచ్, క్రియాటినిన్ అంకెలు, ఆ ఇంజెక్షన్ సీసా మీది పేరు తప్పకుండా రాయండి.